పక్కింటామె మాట్లాడుతున్నది

"ఫోన్ పక్కకు వెట్టు. పప్పు మాడుతాంది" అన్నది మా అత్త రాఘవమ్మ.

నిజంగనే మాడింది. అడుగంటని పైపప్పు ఇంకో గిన్నెలకు వంపుకుంట, సగంల ఆపిన వాక్యం మర్చిపోకుండ మనసుల పట్టుకున్న. అది ఆఫీసు పని. కొత్తగూడెంల మాదొక చిన్న స్వచ్ఛంద సంస్థ. భద్రాచలం అవతల చర్ల, దుమ్ముగూడెం దిక్కు అడవి ఊర్ల ఆడోళ్ళ సంఘాలకు ఆరోగ్యం సంగతులు చెప్తం. మా పెద్దసారు సాయికిరణ్ ఖమ్మం నుంచి కారుల వస్తడు. "రోజారాణి గారూ, వాట్సాప్ గ్రూపా, ఫేస్‌బుక్ పేజీయా, పాడ్‌కాస్టా? మన మహిళలకు ఏది పనికొస్తుందో మూడూ వాడి చూసి, పోల్చి ఒక రిపోర్టు రాయండి" అన్నడు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన శ్రీశైలం నవ్విండు. ఆయనది బొగ్గుబాయిల పని. "ఫోన్ జూసుడు గూడ ఒక నౌకరేనా? గట్లయితే మా బాయిల అందరికి డబల్ జీతం ఇయ్యాలె" అన్నడు. బొగ్గు మసి పట్టిన ఆయన బట్టలు నానబెట్టుకుంట నేను గూడ నవ్విన. నవ్వకపోతే ఆ మాట ఇంకా లాగుతడని తెల్సు.

పోల్చుడు మొదలువెడితే, దూరపు ఊర్ల కంటే ముందు నా ఇల్లే కండ్లల్ల వడ్డది. మా ఇంటోళ్ళ వాట్సాప్ గ్రూపుల పొద్దుగాల్నే మా బావ గులాబీపువ్వు బొమ్మ వెడ్తడు. అందరు దండాలు వెడ్తరు. నేను డిగ్రీ పాసైన్నాడు ఆ సంగతి అండ్ల వెట్టిన. పక్కన నీలం టిక్కులు వడ్డయ్. చూసిన్రు, చూసి ఊకున్నరు. కొంచెంసేపటికి మా ఆడబిడ్డ చేపలపులుసు ఫోటో వెట్టింది, దానికి చప్పట్లొచ్చినయ్. ఫేస్‌బుక్‌ల నా ఒక్కదాని ఫోటో వెట్టుకుంటే పొద్దుగూకేసరికి మార్పిచ్చిండు మా ఆయన, ఇద్దరం ఉన్నది వెట్టమని. నా పాస్‌వర్డ్ ఆయనకు తెల్సు. ఆయనది నాకు తెల్వదు. అడగాలని గూడ ఎన్నడు తోచలే, ఆ రిపోర్టు రాసేదాక.

అడవి ఊర్లల్ల ఇంకా అన్యాలం. దుమ్ముగూడెం దగ్గర ఒక ఊర్ల జంపయ్య పెండ్లాం నన్ను పక్కకు పిలిచి, "మేడం, ముట్టు సంగతులు గ్రూపుల వెట్టకుండ్రి. ఫోన్ మా ఆయనది. చదివి దోస్తులకు చూపెట్టి నవ్విండు" అన్నది. ఆడోళ్ళ గ్రూపని పేరు వెట్టుకున్నం గని అండ్ల ఉన్నోళ్ళంత మొగోళ్ళే. పాడ్‌కాస్టే నయమనిపించింది. రేడియో అసొంటిది, ఫోన్ల ఎప్పుడు కావాల్నంటె అప్పుడు వినొచ్చు. సిగ్నల్ ఉన్న కాడ దింపుకుంటే లేని కాడ గూడ పలుకుతది. ఇప్పపూలు ఏరుకుంట వినొచ్చు, అంట్లు తోముకుంట వినొచ్చు. మా చేతులకు ఎట్లాగు తీరిక ఉండది. చెవులకన్న ఉంటది గదా అని రాసిన. సారు ఆ వాక్యం కొట్టేసి 'హ్యాండ్స్ ఫ్రీ సౌలభ్యం' అని మార్చిండు. రిపోర్టు మీద పేరు ఆయనదే వడ్డది.

అది తర్వాతి మాట. ముందుగాల పాడ్‌కాస్ట్ ఎట్లుంటదో చూసెతందుకు ఏదన్న మాట్లాడి రికార్డు చెయ్యాలె గదా. మా ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోయిండు. అత్త పక్కింట్ల కూసున్నది. నేను బియ్యం బస్తాలుండే అర్రల తలుపు దగ్గరికేసుకొని, రక్తం తక్కువున్నోళ్ళు వేసుకునే గోలీల గురించి చెప్దామని మొదలువెట్టిన. రక్తం అన్న మాట కాడ ఆగిపోయిన. ఆ తర్వాత నా నోట్లెకెల్లి వచ్చింది గోలీల సంగతి కాదు.

మా మామ సంవత్సరీకం నాడు నేను మూడు నెలల కడుపుతోటి ఉన్న. పొద్దుగాల్నుంచి పొయ్యికాడనే. గారెలు కాలుస్తుంటే కిందికి రక్తం దిగింది. అత్తకు చెప్పిన. "ఆడదానికి నెత్తురు కొత్తనా? వచ్చినోళ్ళు తినిపోనీ, పోదాం" అన్నది. చీర మార్చుకొనొచ్చి మల్ల గారెలు కాల్చిన. మా ఆయన షిఫ్టు దిగొచ్చిండు, స్నానం చేసిండు, చుట్టాలతోని కూసొని తిన్నడు, అప్పుడు బండి తీసిండు. దవాఖానకు పోయేసరికి ఏం మిగల్లే. తిరిగొస్తుంటే బండి మీద ఆయన అన్న మాట ఒక్కటే. "ముందుగాల ఎందుకు చెప్పలే?" చెప్పిన. చెప్పిన అని గూడ ఆ పొద్దు అనలేకపోయిన.

ఇదంత ఆ అర్రల కూసొని ఫోన్‌కు చెప్పిన. చెప్పినంక తుడిచెయ్యబుద్ధి కాలే. సంస్థ పేజీల కాకుండ వేరేగ, 'పక్కింటామె' అని పేరు వెట్టి ఎక్కిచ్చిన. ఎవల పేర్లు చెప్పలే. మెసేజ్ చెయ్యనీకె మాత్రం నా వాట్సాప్ నంబర్ ఇచ్చిన.

శానా రోజులు ఎవ్వలు పలకలే. తర్వాత వాట్సాప్‌ల ఒక గొంతు వచ్చింది. వెనుక పిల్ల ఏడుపు, కుక్కర్ కూత. "అక్కా, మాది ఇల్లందు దిక్కు. నాకు గూడ గట్లనే అయింది. ఇది నా ఒక్కదానికే అనుకున్న. మీరు చెప్తుంటే మా ఇంట్ల నిలవడి చూసినట్టే ఉన్నది." పేరు చెప్పలే. నేను అడగలే. నేను గూడ చెప్పలే గదా. బస్సుల పోతుంటే ఆ మాటలు మల్ల మల్ల విన్న. నా మాట విని ఒక మనిషి మాట్లాడుడు నా బతుకుల అదే మొదటిసారి.

ఆ సంబురం ఎక్కువ నాళ్ళు ఉండలే. ఎవలెవల ఫోన్లల్ల తిరిగొచ్చిందో, మా ఆడబిడ్డ దాన్ని ఇంటోళ్ళ గ్రూపుల వెట్టింది. "ఈ గొంతు ఎవలిదో పోల్చుండ్రి" అని. నేను పాసైన్నాడు పలకని గ్రూపు ఆ పొద్దంత పలికింది. "మన ఇంటి పరువు" అని బావ రాసిండు. మా ఆయన కొట్టలే, తిట్టలే. పక్కన కూసొని, వేలు వెట్టి చూపెట్టుకుంట, నాతోనే అంత తుడిపిచ్చిండు. తర్వాత నా ఫోన్ ఆయన జేబుల వేసుకొని, బటన్ల ఫోనొకటి తెచ్చి చేతిల వెట్టిండు. "నీ పనికి గిది సాలు" అన్నడు.

ఆ ఫోన్ చూసి సారు మొఖం చిట్లించిండు. "ఇది డిజిటల్ ప్రాజెక్టు కదండీ రోజారాణి గారూ. మీరు ఫీల్డు చూసుకోండి. పాడ్‌కాస్ట్ లిఖిత చదువుతుంది. మీ గొంతు బాగుంటుంది కానీ, యాస కొంచెం ఎక్కువ" అన్నడు. లిఖిత ఖమ్మంల చదువుకున్న పిల్ల. నేను రాసిచ్చిన మాటల్నే శుద్ధంగ దిద్దుకొని చదివింది. ఆ పిల్ల తప్పేం లేదు.

ఇంట్ల మా అత్త కొన్నొద్దులు నాతోని మాట్లాడలే. ఒకనాడు వాకిట్ల మిరపకాయల తొడిమలు తీసుకుంట, నా దిక్కు చూడకుండనే అన్నది. "నాకు రెండుపార్లు పోయింది. ఒకపారి నాట్లేసుకుంట బురదలనే. నేను ఎవలికన్న చెప్పిన్నా?"

నేను గూడ పక్కనే కూసొని తొడిమలు తీస్తున్న. "చెప్పు అత్తమ్మా, ఇప్పుడన్న చెప్పు" అన్న.

నా దిక్కు చూసింది. పెదవులు కదిలినట్టే అయినయ్. అంతల్నే కొంగు దులుపుకొని లేచింది. "నీకు చెప్తే లోకానికి చెప్తవ్" అని లోపలికి పోయింది.

ఆ ఆదివారం పగటీలి ముగ్గురం అన్నానికి కూసున్నం. ఆయన పక్కన పెట్టుకున్న నా ఫోన్ల మెసేజ్ వచ్చింది. మెతుకులంటిన చెయ్యి అట్లనే పెట్టి, ఎడమచేత్తోని పట్టుకొని గట్టిగ చదివిండు. "అక్కా, మీ మాటలు ఇప్పుడు కనవడుతలేవు. ఎందుకు తీసేసిండ్రు? మంచిగున్నరా?"

ఇల్లందు ఆమెనే. నా ఎడమచెయ్యి చాపిన. "ఇటియ్యండి, నేను రాస్త" అన్న.

"నువ్వు తిను" అన్నడు. బొటనవేలుతోని కొట్టి, ఏం రాసిండో అది గూడ చదివి వినిపిచ్చిండు. "చెల్లే, అవన్ని ఉత్తగ కల్పించి చెప్పిన. మా ఆయన, మా అత్త నన్ను మంచిగ చూసుకుంటరు. మాఫ్ చెయ్యి." చదివి, ఇగ అయిపోయింది అన్నట్టు ముద్ద కలుపుకున్నడు. అవుతల ఆమెకు అది నా పేరుతోనే పోయి ఉంటది. నా మాటనే అనుకుంటది. అనుకోకుండ ఎట్లుంటది?

జవాబు జల్దిగనే వచ్చింది. అది గూడ చదివిండు. "గట్లనా అక్కా. నిజమనుకొని నేను మా ఇంట్ల కొట్లాడి మా అమ్మగారింటికి వచ్చిన. తప్పు నాదే. రేపు పోయి కాళ్ళు పట్టుకుంట."

ఆయన వేలు ఇంకోసారి కదిలింది. "బ్లాక్ చేసిన. పీడ వోయింది" అన్నడు. ఆమె పేరు నాకు తెల్వదు. ఊరు తెల్వదు. ఇల్లందు దిక్కు ఎన్ని ఊర్లు, ఎన్ని ఇండ్లు.

"ఆ మాట నేననలే" అన్న.

"ఏంది?"

"కల్పించిన అని నేననలే."

"అవ్, నేనే రాసిన. అయితే ఏమాయె? పెరుగెయ్యి."

పెరుగు గిన్నె నా మోకాలు కాడ్నే ఉన్నది. గరిటె అండ్లనే ఉన్నది. పెండ్లయిన కాడ్నుంచి ఆ మాటకు నా చెయ్యి దానంతటదే లేచేది. ఆ పొద్దు లేపలే. ఒళ్ళో పెట్టుకొని కూసున్న. ఆయన కంచం ముందటికి జరిపిండు. నేను కదల్లే. మా అత్త నా మొఖం దిక్కు చూసింది, నా చేతుల దిక్కు చూసింది.

తర్వాత తనే వంగి, గిన్నె దగ్గరికి లాక్కొని, కొడుకు కంచంల పెరుగేసింది.