నాలుగు రేవులకీ స్పేర్ ఒక్కరే

ఈ తప్పు మీది. "మనం సొంతంగా చూసుకుందాంలే" అంటూ సోఫాలో వెనక్కి వాలిన మొగుడిది. "వదిన ఉండగా మనకేం దిగులు" అని ఫోన్ పెట్టేసిన ఆడపడుచుది. ఆమె వేసిన టైంటేబుల్ కింద తన సంతకం గీకే ఆఫీసరుది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నా నోరు మంచిది కాదనుకోకండి.

ఆమె సిటీ బస్సులకి టైంటేబుళ్లు వేసే ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. ఏ బస్సు ఏ స్టాపుకి ఎన్నింటికి చేరాలి, మధ్యలో టైరు పంచరైనా తట్టుకునేలా ఎంత ఖాళీ ఉంచాలి, అన్నీ ఆమె చేతిలోనే తేలతాయి. ప్రతి టైంటేబుల్ చివరా ఒక గడి ఉంటుంది. స్పేర్. ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ల బండి ఎక్కడానికి డిపోలో బల్ల మీద సిద్ధంగా కూర్చునే డ్రైవరు పేరు అందులో రాస్తారు. ఎవరికీ ఏమీ కాకపోతే ఆ డ్రైవరు రోజంతా అలాగే కూర్చుని సాయంత్రం ఇంటికి పోతాడు. ఒకసారి ఒక డ్రైవరు ఆమె కిటికీ దగ్గరికొచ్చి, "అమ్మా, ఆరు రోజులుగా నేనే స్పేర్. నాకూ బండి నడపడం వచ్చమ్మా," అన్నాడు. ఆఫీసరు మాత్రం, "ఊరికే కూర్చోడమేగా, దానికేం కష్టం?" అన్నాడు. ఆమె వదల్లేదు. ఒకే మనిషిని వరసగా రెండు రోజులు స్పేర్ వెయ్యకూడదని పట్టుబట్టి రూలు పెట్టించింది. ఆ కాగితం మీద కూడా సంతకం ఆఫీసరుదే అనుకోండి.

గ్లేషియర్ల దాకా ఓడ ప్రయాణం చెయ్యాలన్న ఆలోచన ఆమెదే. మధ్యాహ్నం డబ్బా తింటూ ఎక్కడో చదివింది. గ్లేషియర్ నుంచి విరిగిన మంచుముక్క నీళ్లలో కరుగుతుంటే, వేల ఏళ్లుగా అందులో చిక్కుకున్న గాలంతా బుడగలై బయటికొస్తుందట. చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమని వినిపిస్తుందట. ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. ఆయన నవ్వాడు. నవ్వి, నెల తిరక్కుండా టికెట్లు కొన్నాడు. ఆ మాట దాచకూడదు, మంచివాడే. కాకపోతే ఇద్దరనుకున్నది ఐదుగురయ్యారు. అత్తగారు, ఆడపడుచు, ఆవిడ భర్త.

"రేవు రేవుకీ దిగి ఊరు చూడ్డానికి ఓడవాళ్లు పెట్టే టూర్లు వద్దు. గొర్రెల మందలా తోలుకుపోతారు. మనమే చూసుకుందాం," అన్నాడాయన. చూసుకున్నది ఆమె. మూడు నెలలు. ఒక పక్క పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఇంకో పక్క వ్యాన్లవాళ్లకి, పడవలవాళ్లకి ఉత్తరాలు. సొంతంగా ఊళ్లోకి వెళ్లినవాళ్లు ఆలస్యమైతే ఓడ ఆగదు. అందుకని ప్రతి రేవులోనూ ఓడ బయల్దేరే వేళకి గంట ముందే అందరూ తిరిగి ఓడ ఎక్కేసేలా లెక్కవేసింది. అత్తగారి మోకాళ్లకి మెట్లు లేని వ్యాను. ఆడపడుచుకి తల తిరగకుండా ముందు సీటు. ఆవిడ భర్తకి మూడు గంటలకోసారి టీ. బాత్రూము ఎన్ని అడుగుల దూరమో కూడా కనుక్కుంది. అంతా నోటుబుక్కులో రాసింది. ప్రతి రేవు పేజీ కిందా, చేతికి అలవాటైపోయి, ఒక గడి గీసింది. స్పేర్. పక్కన రాసింది: నేను.

మొదటి రేవులో ఆడపడుచుకి కడుపులో తిప్పింది. రెండో రేవులో ఆయనకి కొత్త బూటు మడమ కొరికేసింది. మూడో రేవులో అత్తగారికి కాళ్లు వాచాయి. ఎవరికి ఏమైనా పక్కన కూర్చున్నది ఆమే. మిగిలినవాళ్లు తిరిగొచ్చి ఫోటోలు చూపిస్తే బాగున్నాయంది. మూడు రేవుల్లోనూ ఆమె చూసినవి ఒక మందుల షాపు, ఒక వెయిటింగ్ రూము, ఓడ కిటికీ. భోజనాల దగ్గర మాత్రం ఆయన పక్క టేబులు వాళ్లకి చెప్పేవాడు: "అంతా మనమే ప్లాన్ చేసుకున్నామండీ. ఓడవాళ్ల టూరు ఒక్కటీ తీసుకోలేదు."

నాలుగోది చివరి రేవు. చిన్న పడవలో గ్లేషియర్ అంచుదాకా వెళ్లేది అక్కడే. ఆమె బుక్ చేసింది మూడు సీట్లు.

ఆ పొద్దున టిఫిను దగ్గర అత్తగారు కళ్లజోడు పెట్టుకుని నోటుబుక్కు తిరగేస్తోంది. 

"ఎవరే ఈ స్పేర్?"

ఆమె చెప్పింది.

"నాలుగు రేవులకీ నువ్వేనా?"

"ఎవరో ఒకరు మీ దగ్గర ఉండాలి కదత్తయ్యా. ఆ పడవ మీరు ఎక్కలేరు."

"ఉండాలి, సరే. నాకు ఇద్దరు పిల్లలున్నట్టు గుర్తు. ఇద్దర్నీ నేనే కన్నాను కూడా."

ఆడపడుచు బ్రెడ్డుకి వెన్న రాస్తూనే ఉంది. ఆ ముక్కకి అది మూడోసారి.

"అమ్మా, తనకి అలవాటు," అన్నాడాయన. "నీకేం కావాలో తనకి తెలుస్తుంది, నాకేం తెలుసు? అయినా మూడు సీట్లు బుక్ చేసింది తనే. ఎవరూ వద్దనలేదు. కాఫీ తాగుతూ హాయిగా కూర్చోడమేగా."

ఎవరూ వద్దనలేదు. నిజమే. ఆమెకి గుచ్చుకున్నదీ అదే. వద్దని ఎవరూ అనలేదు, వస్తావా అనీ ఎవరూ అడగలేదు, చివరికి తను కూడా తనని అడగలేదు. ఈ గడి గీసింది ఎవరు? తనే. పెన్ను తనది, చెయ్యి తనది. డిపోలో ఎవరో డ్రైవరు కోసం ఆఫీసరుతో పోట్లాడిన మనిషి, తన పేరు నాలుగుసార్లు వరసగా రాసుకుంటూ ఒక్కసారైనా ఆగలేదేం? మంచు చప్పుడు వినాలనుకున్నది ఎవరు? ఇంతదూరం వచ్చి కూడా దాన్ని వీళ్ల నోట వినాల్సిందేనా? వీళ్లు సరిగా వింటారా అసలు? ఆయన ఫోటో తీస్తాడు. చప్పుడు ఫోటోలో పడదు.

అత్తగారి చేతిలోంచి నోటుబుక్కు తీసుకుంది. 'నేను' కొట్టేసి 'మీరు' అని రాసింది. ఆయన ముందు పెట్టింది.

"మందులు ఏడో పేజీలో ఉన్నాయి. బాత్రూము పదకొండులో. మూడున్నరకి వచ్చేస్తాను."

"నాకివన్నీ ఎలా తెలుస్తాయి?"

"నాకూ తెలీదు. రాసుకున్నాను."

అత్తగారు కొడుకు మోచెయ్యి పట్టుకుంది. "పోనీలేరా, నేనేం కరవను," అంది.

ఒడ్డున పడవ నడిపే ఆవిడ ఆమె పేరు వినగానే చెయ్యి పట్టుకుంది. "మూడు నెలలుగా ఉత్తరాలు రాసింది మీరేనా? రేవు బాత్రూములో పట్టుకోడానికి కమ్మీ ఉందా అని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. మూడు సీట్లలో మీ పేరు లేకపోతే మీరు రారేమో అనుకున్నాను." ఎవరికి చెప్పుకోవాలి? ఈ పని ఆమె చేసిందని గుర్తుపట్టింది ఓ పరాయి మనిషి.

మంచుగోడ ముందు ఇంజను ఆపారు. ఆ నీలం గురించి నేను చెప్పను, నాకు చేతకాదు. పడవావిడ నీళ్లలోంచి గుప్పెట్లో పట్టేంత ముక్క తీసిచ్చింది. ఆమె గ్లాసు నీళ్లలో వేసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. చిటపట. చిటపట. ఆడపడుచు "ఏది వదినా, నన్నూ విననీ," అని చెయ్యి చాపింది. "ఆగు," అంది ఆమె. పెళ్లయ్యాక ఆడపడుచుని ఆగమనడం అదే మొదటిసారి. తనివితీరా విని, అప్పుడిచ్చింది. తిరిగొచ్చేముందు, ఆయన కోసం తను మోసే వేడినీళ్ల ఫ్లాస్కు ఖాళీ చేసి, ఇంకో ముక్క అందులో వేసి మూత బిగించింది.

రేవులో ఆయన బెంచీ మీద కూలబడి ఉన్నాడు. మెళ్లో తల్లి శాలువా, ఒళ్లో నోటుబుక్కు.

"మూడుసార్లు తీసుకెళ్లాను అమ్మని. ఎంత దూరమో తెలుసా?"

"నూట పది అడుగులు. పదకొండో పేజీ."

ఆయన పదకొండో పేజీ తిప్పి చూశాడు. "నిజంగానే నూట పది. లెక్కపెట్టాను," అన్నాడు. జరిగి చోటిచ్చాడు.

ఆమె గ్లాసులో నీళ్లు పోసి ముక్క వేసి అత్తగారి చెవి దగ్గర పట్టుకుంది. ఆవిడ కళ్లు మూసుకుంది. "ఇంతకాలం నోరు మూసుకుని ఉందన్నమాట పాపం," అంది. ఆ ముసలిచెయ్యి ఆమె చేతిని గ్లాసుతో సహా పట్టుకుని, ముక్క కరిగిందాకా వదల్లేదు.

ఇక మీ సంగతి. మీ ఇంట్లో కూడా ఆ గడి ఉంది, కాగితం మీద లేకపోవచ్చు, అంతే. అందులో ఎవరి పేరుందో ఇవాళ చూడండి. ఆ పేరు కొట్టేసి మీది రాయండి. డిపోలో డ్రైవర్లకున్న రూలు వంటింట్లోనూ పెట్టండి, రేపటినుంచి కాదు, ఈ పూటనుంచి. ఒకే మనిషిని వరసగా రెండు రోజులు స్పేర్ వెయ్యకూడదు.