నాలుగో బటన్

కుర్చీలో కూర్చోగానే అతను మొదట కంప్యూటర్ తెర ఆపేశాడు. ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు. చూపులేనివాడికి తెరతో పనేముంది? వెనక నిలబడి చదివేవాళ్లకే దానితో పని. కుడిచెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఎడమచెవి ఫోన్‌కి, ఖాళీగా ఉన్నప్పుడు గదికి.

నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తా. ఫోన్లో చెప్పింది పైకి పలుకుతూ టైపు చేస్తాడు. కొత్త ప్రోగ్రామ్ చేసినవాళ్లు బటన్లకు పేర్లు పెట్టలేదు. ఇయర్‌ఫోన్‌లో తెర చదివే గొంతు "బటన్, బటన్" అని ఊరుకుంటుంది. అతను లెక్కపెట్టుకుంటాడు. సాయంత్రం నాలుగోది నొక్కితే ఆ రోజు పనంతా భద్రం. ఒక్కరోజు పని పోయినా సీటు ఉండదని అధికారి చెప్పి ఉన్నాడు.

భార్య చదివిపెట్టిన ఉత్తరాలను వీధిలో ఇంకొకరిచేత మళ్లీ చదివించుకునేవాడు. ఆమెకు తెలిసింది. చదవడం మానేసింది. చనిపోయేదాకా మళ్లీ చదవలేదు.

సాయంత్రానికి ముప్పై ఎనిమిది ఫిర్యాదులయ్యాయి. పక్క సీటు గుమాస్తా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అన్నయ్యా, ప్రోగ్రామ్ మార్చారు, ఇప్పుడే చూశాను. నాలుగోది నొక్కకండి, అన్నీ చెరిగిపోతాయి. ఐదోది నొక్కండి."

తను నాలుగు లెక్కపెడతానని ఈమెకెలా తెలుసు? ఆమె తమ్ముడు ఉద్యోగానికి తిరుగుతున్నాడని అతనికి తెలుసు. లెక్కపెట్టేటప్పుడు తన వేలు బల్లను కొడుతుందనీ, ఆఫీసంతా అది వింటుందనీ మాత్రం తెలియదు.

"నా లెక్క నాకుంది లేమ్మా."

నాలుగోది నొక్కాడు. హెచ్చరిక బొమ్మగా వచ్చింది. బొమ్మలను ఆ గొంతు చదవదు. అలవాటుగా ఎంటర్ కొట్టాడు.

"జాబితా ఖాళీ," అంది గొంతు.

మళ్లీ వెతికాడు. మళ్లీ అదే మాట.

ఆమె గొంతు తగ్గించింది. "మీరు పైకి పలికినవన్నీ కాగితం మీద రాసిపెట్టాను. ఈ ప్రోగ్రామ్ వచ్చిన దగ్గర్నుంచీ రాస్తున్నాను. ఎక్కించేస్తా, ఎవరికీ తెలియదు."

"అంటే రోజూ వింటున్నావన్నమాట," అన్నాడతను.

చేతికర్ర తీసుకుని నేరుగా అధికారి గదికి వెళ్లాడు. పని పోయిందని తనే చెప్పాడు. పక్క సీటు ఆవిడే పోగొట్టించిందని కూడా చెప్పాడు. అధికారి నమ్మలేదు. అక్కడే రాయించిన రాజీనామా కాగితం మీద వేలిముద్ర వేసి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆమె అతని కుర్చీలో కూర్చుని తెర వెలిగించింది. దుమ్ము తుడిచింది. తన కాగితం ముందు పెట్టుకుని మొదటి ఫిర్యాదు ఎక్కించడం మొదలుపెట్టింది. బల్లమీద అతని ఇయర్‌ఫోన్ ఆమె కొట్టిన ప్రతి అక్షరాన్నీ, ఒక్కటీ వదలకుండా, సన్నగా చదువుతూనే ఉంది.