ఇద్దరు పట్టే కారు

పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది నేనొక స్పోర్ట్స్ కారు కొన్నాను. పసుపురంగుది, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఉత్తర ధ్రువం దగ్గరి మా పల్లె హౌకియార్విలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. లాప్లండ్‌లో ఇలాంటి బండి ఎవరికైనా ఉంటే అక్టోబరులో షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పి, మళ్ళీ మే నెలలో బయటికి తీస్తారు. నేను మాత్రం ఏడాది పొడుగునా నడిపాను. కొనుక్కున్నది గుడ్డ కప్పి చూసుకోవడానికి కాదు కదా.

"ఇర్యా, దీంతో మంచులో కూరుకుపోయావంటే మేం నిన్ను తవ్వి తీసేది మేలోనే," అనేది ఊళ్ళో కొట్టు నడిపే సిర్కా.

"తవ్వక్కర్లేదులే. కరిగాక నేనే నడిచొస్తా," అనేదాన్ని.

వెనక చక్రాలు లాగే బండి అది. మంచు మీద పట్టు కోసం మేకులు దిగేసిన టైర్లు వేసినా, గడ్డకట్టిన రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు వెనకభాగం పక్కకు జారిపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే పని అయిపోయినట్టే. ఎటు జారుతుంటే అటే స్టీరింగు తిప్పి, యాక్సిలరేటరు మీద కాలు తేలిగ్గా ఆనించి, బండి దానంతటది దారికి వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఆ కాసేపూ నాకు మహా ఇష్టం. పక్కసీటు ఖాళీగా ఉందన్న సంగతి అప్పుడు మాత్రమే గుర్తుండదు.

మిగతా దారంతా గుర్తుంటుంది. దాచుకోవడమెందుకు, ఒంటరితనం నన్ను తినేసింది. మా ఆయన పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఉత్తరాలు పంచినన్నాళ్ళూ గుమ్మానికి రెండు మాటలైనా దొరికేవి. రిటైరయ్యాక ఆ గుమ్మాలు ఎక్కడానికి సాకు లేకుండా పోయింది. మా వైపు మనిషి ఒంటరిగా ఉంటే అలా ఉండనివ్వడమే మర్యాద. ఆ మర్యాద నాకు అందరూ పుష్కలంగా చేశారు.

అందుకే ఈ శీతాకాలంలో ఇక చాలనుకున్నాను. ఔలూ పట్నంలో మా చెల్లెలి ఇంటి దగ్గర చిన్న ఫ్లాటు చూసుకున్నాను. కారు పెట్టుకోవడానికి అక్కడ చోటు లేదు. రొవనియెమి పట్నంలో ఒకాయన కొంటానన్నాడు. ఉండిపొమ్మని ఎవరైనా ఒక్క మాటంటే ఆగిపోదామని లోపల్లోపల ఉంది. సిర్కాతో చెబితే, "ఔలూలో కొట్లు పెద్దవట," అంది. పక్కింటివాళ్ళు సామాను మోయడానికి ట్రక్కు కావాలా అని అడిగారు. ఇక మిగిలింది అర్మాస్ ఒక్కడే.

అర్మాస్ జీవితమంతా మా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. భార్య పోయాక అడవి అంచున ఒక్కడే ఉంటున్నాడు. శనివారాలు నేను వెళ్ళి అతనితో కాఫీ తాగుతాను. మాటలు నావి, కాఫీ అతనిది.

కారు అప్పగించే రోజు పొద్దున దారిలో అక్కడ ఆగాను. సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి దిగిన చలి. చెట్ల పైన ఎండ పల్చగా ఉంది.

"ఇవాళ కారు ఇచ్చేస్తున్నా అర్మాస్. సోమవారం నేనూ వెళ్ళిపోతున్నా."

"ఓహో," అని కప్పులో కాఫీ పోశాడు. "రోడ్డు బాగానే ఉంది. వంతెన మీద మాత్రం నున్నగా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. "అంతేనా?"

కాసేపు ఆలోచించాడు. "రంపపు మిల్లు మలుపు దగ్గర కూడా."

ఏం మనిషి! రొట్టె ముక్క నోట్లో కుక్కుకుని ఊరుకున్నాను. అతను లేచి, "నీ బండి తిప్పి పెడతా, వాకిలి ఇరుకు," అని తాళాలు తీసుకుని వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. ఇంకో కప్పు తాగాం, ఆ తర్వాత ఇంకోటి. ఇద్దరం కిటికీలోంచి మంచునే చూస్తూ కూర్చున్నాం.

చివరికి వచ్చి బండి ఎక్కాను. ఇంజను పలికింది గానీ వెనక చక్రాలు కదల్లేదు. కిందికి చూస్తే హ్యాండ్ బ్రేకు పైదాకా లాగి ఉంది.

చలికాలంలో మేం హ్యాండ్ బ్రేకు ముట్టుకోం, గేరులో పెట్టి దిగిపోతాం. లాగి వదిలేస్తే వేడి బ్రేకుల మీద కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టి చక్రాలను పట్టేస్తుంది. దక్షిణం నుంచి వచ్చిన టూరిస్టులు ఏటా ఈ పని చేసి కాళ్ళావేళ్ళా పడతారు. ఊరంతా చలికాలం పొడుగునా చెప్పుకుని నవ్వుకుంటుంది.

"హ్యాండ్ బ్రేకు లాగావేంటయ్యా!"

"లాగానా?" బూట్ల వంక చూసుకున్నాడు. "మర్చిపోయినట్టున్నా. వయసు."

నవ్వాగలేదు నాకు. "ఇది సిర్కా చెవిన వేశానంటే నువ్విక కొట్టుకి వెళ్ళలేవు."

"వెయ్యి," అన్నాడు.

లోపలికెళ్ళి కెటిల్‌తో వేడినీళ్ళు తెచ్చాడు. చక్రాల మీద పోసి, సుత్తితో మెల్లగా తట్టాడు. టప్పుమని పట్టు వదిలింది. ఆ నీళ్ళు మళ్ళీ గడ్డకట్టేలోగా కదలాలి. అద్దం దించి అతని మొహంలోకి చూశాను. కారు పైకప్పు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు, పొమ్మన్నట్టు. పోయాను.

రోడ్డు మీద నరపురుగు లేదు. వంతెన మీద అతను చెప్పినట్టే నున్నగా ఉంది. బండి వెనకభాగం రెయిలింగు వైపు జారింది, సర్దుకున్నాను. అవతలికి చేరాక ఆలోచన మొదలైంది. వంతెన మీద మంచు సంగతి, మిల్లు మలుపు సంగతి గుర్తున్న మనిషికి హ్యాండ్ బ్రేకు గుర్తులేదా? పసితనం నుంచీ ఈ చలిలో బండ్లు నడిపినవాడు! టూరిస్టుల కథలు అందరికంటే ఎక్కువ చెప్పి నవ్వించేది అతనే కదా.

మర్చిపోలేదు. లాగాడు.

కళ్ళల్లో నీళ్ళు తిరిగి రోడ్డు కనబడలేదు. లారీలు ఆగే చోట బండి తిప్పాను. రొవనియెమిలో ఆయన ఎదురుచూస్తుంటాడని తెలుసు, అయినా తిప్పాను.

అర్మాస్ వాకిట్లోనే ఉన్నాడు. తలకు టోపీ లేదు, చేతిలో ఇంకా సుత్తి ఉంది.

"ఏం మర్చిపోయావ్?" అని అడిగాడు.

"నేనేం మర్చిపోలేదు. నువ్వూ మర్చిపోలేదు."

అతను సుత్తి పిడి మీది మంచు గోటితో గీకాడు. నేను మాటసాయం చెయ్యలేదు. ఇన్నేళ్ళూ అన్ని మాటలూ నేనే మాట్లాడాను, ఈ ఒక్కటీ అతనే అనాలి.

"ఒకరి దారికి అడ్డం పడకూడదు కదా," అన్నాడు చివరికి.

"పడ్డావుగా. సగం పడి లేచిపోయావు. చెప్పదలచుకుంటే చెప్పు, పెట్రోలు కాలుతోంది."

పొగ ఇద్దరి మధ్యా తెల్లగా లేస్తోంది. సుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంజను ఆపు, ఇర్యా."

ఆ చలిలో హీటరు తగిలించకుండా ఒక పూట ఆపితే ఇంజను ఆ రోజుకిక పలకదు. ఆపేశాను.