మాత్రకు ముందు

అక్టోబరు పదకొండు. ఆ ఉదయం నా మనవరాలు ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు తింది. ఆసుపత్రికి త్వరగా రమ్మన్నారని, రోజూ పొద్దున్నే వేసే నొప్పి మాత్ర వేయకుండానే బయలుదేరాం.

ఏడేళ్ల పిల్లకు కీళ్లవాపు. దానికి వారానికొకసారి ఇచ్చే మందు వల్ల ఒంట్లో రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకని ఇలాంటి పిల్లలు నూట ఇరవై మందికి ఏ వైరస్ ఎప్పుడు సోకుతోందో ఆసుపత్రివాళ్లు కనిపెట్టి చూస్తున్నారు. ఇంటికొక నోటుపుస్తకం ఇచ్చారు. జ్వరం ఎంత, దగ్గుందా, పొక్కులున్నాయా, రోజూ రాయాలి. మా అమ్మాయి తెల్లారకముందే పనికి వెళ్తుంది కనుక అది నా వంతు. నా భార్య పోయాక ఇంత శ్రద్ధగా నేను మరే పనీ చేయలేదు.

నర్సు పుస్తకం తిరగేసింది.

“తొంభై రోజుల్లో ఒక్కరోజు కూడా జ్వరం లేదు. వైరస్‌లు మీ ఇంటి దారి మర్చిపోయినట్టున్నాయి, తాతగారూ.”

“మా తాత గుమ్మంలో కాపలా ఉంటాడు,” అంది మనవరాలు.

నర్సు పిల్ల చంకలో థర్మామీటరు పెట్టి చూసింది. ఇంకొకటి తెచ్చి మళ్లీ పెట్టింది.

“నూట రెండు.”

“నిన్న తొంభై ఎనిమిదేనమ్మా. నేనే చూసి రాశాను.”

“ఏ టైంకి చూశారు?”

“మాత్ర వేసిన గంటకి.”

ఆమె ముఖంలో నవ్వు పోయింది. “ఆ మాత్ర జ్వరాన్ని కూడా దించేస్తుందండీ.”

ఎదురుగా గోడ మీద గొడుగు పట్టుకున్న ఏనుగు బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. 

డాక్టరు వచ్చి పిల్లను అడిగాడు. “ఎప్పట్నుంచి వేడిగా ఉంది, బంగారూ?”

“నాలుగు రోజుల్నుంచి. తాత మాత్ర వేస్తే పోతుంది. నా పక్కన కూచునే పిల్లకి ఒళ్లంతా పొక్కులొచ్చి బడి మానేసింది.”

“మరి తాతకి చెప్పలేదే?”

“చెప్తే నన్నూ మాన్పిస్తాడుగా.”

చెవి వెనక అప్పుడే లేస్తున్న రెండు పొక్కులు, పొట్ట మీద అయిదు. ఆటలమ్మ. “వేరే పిల్లలకైతే వారంలో తగ్గిపోతుంది. ఈమెకి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం,” అన్నాడు డాక్టరు. వారానికొకసారి ఇచ్చే ఆ మందు ఆపేశారు. చేతికి సెలైను పెట్టి వైరస్ మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

సాయంత్రం మా అమ్మాయి పని దుస్తుల్లోనే పరుగున వచ్చింది.

“మాత్ర వేశాక ఎందుకు చూశావు, నాన్నా?”

“పొద్దున్నే దాని భుజం పట్టేసి ఉంటుందమ్మా. థర్మామీటరు కోసం చెయ్యెత్తమంటే ఏడుస్తుంది. నొప్పి తగ్గాక చూద్దామని…”

తను పిల్ల దుప్పటి సరిచేసింది. నావైపు తిరిగి, “నువ్వు ఏమైనా తిన్నావా?” అంది.

ఎనిమిదింటికి నర్సు మళ్లీ వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయట. మధ్యాహ్నమంతా కూర్చుని మిగతా ఇళ్లన్నిటికీ ఫోన్లు చేసిందట.

“ఇంకో పదిహేడు ఇళ్లలో మాత్ర వేశాకే చూస్తున్నారండీ. ఎప్పుడు చూడాలో మేం ఎక్కడా రాయలేదు. మాత్ర వేయకముందు ఒళ్లు వేడిగా ఉంటోందన్న ఇద్దరు పిల్లల్ని రేపు పొద్దున్నే రమ్మన్నాను.”

పదిహేడు. ఆ ఇళ్లలోనూ ఎవరో ఒకరు పిల్ల ఏడవకూడదనే అనుకుని ఉంటారు.

ఆమె నా నోటుపుస్తకం అట్ట మీద ‘మాత్రకు ముందు’ అని పెద్ద అక్షరాలతో రాసింది. తర్వాత పిల్ల మోచేతి కింద అరచెయ్యి ఆనించి, నిద్ర చెదరకుండా కొంచెం కొంచెంగా ఎత్తి, చంకలో థర్మామీటరు పెట్టింది. నూట ఒకటి. అంకె వేసి, పుస్తకం నా ఒళ్లో పెట్టి, దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు చేరవేసింది.