గోటి తీర్పు

చక్రాలు మునిగే వాననీళ్లలోంచి వ్యాను నడుపుకొచ్చింది అక్క. మర్నాడు ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే ఇంజనాయిలు మజ్జిగలా తెల్లగా ఉంది. నీళ్లు కలిసిన ఆ ఆయిలు తీసేయకుండానే, లోపలంతా కడిగేస్తుందని మందు సీసా ఒంపేశాడు తమ్ముడు. సీసా మీద పది నిమిషాలన్నచోట గంటసేపు ఇంజను తిప్పాడు. అప్పట్నించీ లోపల టకటకమని ఒకటే చప్పుడు.

మొక్కలేసుకుని వీధులు తిరిగి అమ్ముకునే అక్కకు ఆ బండే బతుకుతెరువు.

షెడ్డులో మేస్త్రీ ఇంజను విప్పి, ఆయిలు పీల్చే జల్లెడ చూపించాడు. నిండా నల్లటి మడ్డి.

"ఏళ్లుగా గోడలకి అంటుకున్నదంతా ఒక్కసారే ఊడొచ్చింది. గొంతు పూడుకుపోతే గుటకెలా దిగుతుంది?"

"సీసా మీద రాసింది చదివాను మేస్త్రీ," తమ్ముడు గొణిగాడు.

"చదివావు నాయనా. గడియారమే చూసుకోలేదు."

ఇంజను లోపల తిరిగే ఇరుసు, క్రాంక్‌షాఫ్టు, తుడిచి బల్ల మీద పెట్టాడు. అద్దంలా మెరిసింది. ఇన్నేళ్లూ తన కాళ్ల దగ్గర తిరిగింది ఇదా అని అక్క కన్నార్పకుండా చూసింది.

"ఇది ఇనుము మీద తిరగదమ్మా. వెంట్రుకకన్నా పల్చటి నూనె పొర మీద తేలుతుంది, నిమిషానికి మూడు వేల చుట్లు. ఆ పొర తెగింది గనకే చప్పుడు."

"ఇక పనికిరాదా?"

"గోరు చెప్పాలి. నా గోళ్లని కిరసనాయిలు ఎప్పుడో తినేసింది. మా ఆవిడే చూసిపెట్టేది, ఊరెళ్లింది. బేరింగులు కూర్చునే ఈ నాలుగు చోట్లా నువ్వే గోరు అడ్డంగా లాగు. ఎక్కడైనా గీతకి పట్టుకుందా, షాఫ్టు పోయినట్టే, బండి తుక్కుకే. లేదంటే కొత్త బేరింగులతో గట్టెక్కుతావు."

"మెల్లగా లాగక్కా," అన్నాడు తమ్ముడు.

"మెల్లగా లాగితే గీత మొహమాటపడి చెరిగిపోతుందా?" అంది అక్క.

మూడుచోట్ల గోరు నీళ్లమీద ఆకులా జారింది. నాలుగోచోట ఆగింది. అవునో కాదో తన గోటికి తప్ప మరెవరికీ తెలియదు.

"పట్టుకుంది," అంది అక్క.

మేస్త్రీ సన్నటి గరుకు కాగితం నూనెలో ముంచి, అక్కడ చుట్టి, ఓపిగ్గా రుద్దాడు. తుడిస్తే గుడ్డకు బూడిదరంగు పొడి అంటింది.

"గీత కాదు, అంటుకున్న పాత బేరింగు తాలూకు పొట్టు. అబద్ధమాడి ఉంటే అలాగే బిగించేసేవాణ్ణి, వారం తిరక్కుండా మళ్లీ వచ్చేదానివి. ఇప్పుడు చూడు."

గోరు ఈ చివరినుంచి ఆ చివరకు జారిపోయింది. ఎక్కడా ఆగలేదు.

"చాల్లే అమ్మా, బతికింది," అన్నాడు మేస్త్రీ.

అక్క వినిపించుకోలేదు. ఆ నున్నదనం నమ్మలేక, గోటిని మళ్లీ మొదటికి తీసుకెళ్లింది.