నాలుగోది ఎందుకు లేవలేదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఫోటో ఫ్రేముల షాపుకి ఒకసారి వచ్చినవాళ్లకి కూడా తెలుసు. అయినా మా అమ్మాయి ఆరేళ్లుగా నాతోనే పనిచేస్తోంది. ఇప్పుడు పక్క వీధిలో పెద్ద షాపువాళ్లు తనని రమ్మన్నారట. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పాలి. ఆ మాట వినగానే నా గుండెల్లో రాయి పడింది. వెళ్తావా అని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

మధ్యాహ్నం గిరాకీ లేదు. కౌంటర్ మీది కంప్యూటర్లో అమ్మాయి నేర్పిన ఆట తెరిచాను. అందులో మనం ఆడం. స్క్రిప్టులు, అంటే చిన్న ప్రోగ్రాములు, రాసి వదిలితే అవే పనిచేసి స్కోరు తెస్తాయి. ఆటలో నాకున్న మెమరీ ఎనిమిది జీబీ. పనిచేసే స్క్రిప్టు ఒక్కో కాపీకి రెండు. అంటే నాలుగు నడవాలి. మూడే నడుస్తున్నాయి. నాలుగోదానికేం రోగం? కాపీల సంఖ్య మార్చాను, ముందుది వెనక, వెనకది ముందు పెట్టాను. ఊహూఁ. కాసేపటికి కోపం పోయి, ఎందుకు లేవట్లేదో తెలుసుకోవాలన్న ఆరాటం పట్టుకుంది.

"ఎనిమిదిలో రెళ్లు నాలుగేగా?" అన్నాను.

అమ్మాయి అద్దం తుడుస్తూనే తొంగి చూసింది. "వాటిని మొదలుపెట్టించే స్క్రిప్టు ఒకటుంది కదా నాన్నా. అదీ రెండు తింటోంది."

"అది పనేం చెయ్యట్లేదుగా. ఊరికే చూస్తోంది."

"చూడ్డానికీ చోటు కావాలి. మూడింటిని లేపి, నాలుగోదానికి తన చోటిచ్చి ఆగిపోయేలా పెట్టు. లాంచ్ ఆప్షన్లలో టిక్కు పెట్టే గడి ఉంది."

"అదాగిపోతే వీటినెవరు చూస్తారు?"

"ఎవరూ చూడక్కర్లేదు. వాటికి పనొచ్చు."

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఒప్పుకోలేదు. కానీ అది లేకపోతే ఏమవుతుందో చూడాలనిపించి, టిక్కు పెట్టి నొక్కాను. జాబితాలో పైన ఉండే ఆ స్క్రిప్టు పేరు మాయమైంది. నాలుగూ నడిచాయి. స్కోరు నేనెన్నడూ చూడనంత వేగంగా పెరిగింది.

అంతలో ఒకావిడ ఫ్రేము కోసం పిల్లల ఫోటో తెచ్చింది. అమ్మాయి కొలత తీస్తోంది. "అంచుకి చోటు వదిలి కొలువు" అనబోయి ఆగాను. ఆరేళ్లుగా తను కొలిచిన ప్రతి ఫ్రేమునీ నేను మళ్లీ కొలిచాను. ఒక్కదాంట్లోనూ తప్పు దొరకలేదు. సిగ్గేసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆవిడ వెళ్లాక లేచి చెప్పులేసుకున్నాను. "నేనింటికి పోతున్నా. షాపు నువ్వు కట్టెయ్."

"మూడు గంటలేగా అయింది. ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

గుమ్మం దాటుతుంటే పిలిచింది. "నాన్నా, అద్దం కోసే కట్టరిచ్చి వెళ్లు."

అది నా చొక్కా జేబులో ఉంటుంది. ఇంతవరకూ ఇంకొకరి చేతికివ్వలేదు. తీసిచ్చాను. అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తన జేబులో వేసుకుంది.

"పెద్ద షాపువాళ్లకి రానని చెప్పేస్తాను. రేపు షాపు నేనే తెరుస్తా. నువ్వు మాత్రం పదింటి లోపు రాకు," అంది.