దళసరి లైనింగు

పటాలం గేటుకి ఎదురుగా ఉన్న కొట్టులో దర్జీ టేపు మెడలో వేసుకునేవాడే గానీ, దానితో పెద్దగా పని ఉండేది కాదు. మనిషి నడిచొస్తుంటే చూసి భుజమెంతో నడుమెంతో చెప్పేసేవాడు. మోటారు సైకిలు మీద దూసుకుపోతున్నవాడిని కంటితోనే కొలిచి, వాడు తిరిగొచ్చేసరికి చొక్కా కుట్టి ఉంచాడని చెప్పుకుంటారు. గుండీలు మాత్రం కుట్టలేదట. అంత అబద్ధం ఎవరాడతారు!

ఆ పటాలం మిత్రదేశానిది. నది అవతలివాళ్లు మన మీదికి రాకుండా కాపలా ఉంటామని వచ్చి ఇరవై రెండేళ్లయింది. దర్జీ కొట్టు వాళ్ల యూనిఫారాల మీదే నడుస్తోంది. వాళ్ల విమానాలు దిగే చోట దర్జీ బావమరిది నాలుగెకరాలున్నాయి.

వాళ్లని ఉంచుకోవాలా, పంపెయ్యాలా అని ప్రభుత్వం పట్టణ సభని అడిగింది. తొమ్మిదిమంది సభ్యుల్లో నలుగురు ఇటు, నలుగురు అటు. తొమ్మిదోవాడు దర్జీ.

బావమరిది వచ్చి కుట్టుమిషను పక్కన బైఠాయించాడు.

"వాళ్లు పోతే నా పొలం నాకొస్తుంది బావా. నువ్వు చెయ్యెత్తితే చాలు."

"నేను చెయ్యెత్తితే నా మిషను ఆగిపోతుందిరా."

"కంచె ఇవతల నిలబడి నా పొలాన్ని నేనే దొంగచూపులు చూస్తున్నాను. గస్తీవాడు నన్ను చూసి చెయ్యూపుతాడు, వాళ్ల తాతల ఆస్తి అయినట్టు!"

"వీళ్లు పోయాక అవతలివాళ్లు వస్తేనో?"

"రానీ. శత్రువైతే తగువుపడతాను. మిత్రుడితో ఎలా పడేది?"

కాజాలు కుడుతున్న దర్జీ భార్య తలెత్తలేదు. "నాకు తమ్ముడూ కావాలి, పొయ్యీ వెలగాలి. ఆ రెండూ కుదిరేట్టు కత్తిరించు, చూద్దాం నీ పనితనం," అంది మొగుడితో.

ఆ వారమే పటాలం స్టోరు సార్జెంటు మూడు వందల చలికోట్లు తెచ్చి పడేశాడు. అన్నిటికీ లోపల దళసరి ఉన్ని లైనింగు వెయ్యాలట. దర్జీ మొహం వెలిగిపోయింది. బట్ట చూస్తే మనిషి కొలతే కాదు, వాడి మనసులో మాటా తెలుస్తుందని అతడి నమ్మకం. చలికోట్లు బాగుచేయించుకుంటున్నారంటే చలికాలం ఇక్కడే ఉంటారన్నమాట! ఇక సభ ఏం తేల్చినా వాళ్లు కదలరు.

"ఇంత దళసరి మన చలికెందుకయ్యా? సూదులు విరుగుతున్నాయి," అంది భార్య.

"వాళ్లది సుకుమారపు ఒళ్లు. నీకేం తెలుసు, కుట్టు," అన్నాడు.

సభలో దర్జీ దర్జాగా లేచి, పంపెయ్యాలని చెయ్యెత్తాడు. పటాలం ఎలాగూ ఉంటుంది, బావమరిది దగ్గర మాటా దక్కుతుంది. బావమరిది అందరి ముందూ అతణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. ఆ తడి భుజం మీద ఆరకముందే దర్జీకి ఎందుకో సిగ్గేసింది.

చలికోట్లు అప్పగించిన నాలుగో రోజు పొద్దున్నే లారీలు బారులు తీరాయి. దర్జీ చెప్పులు లేకుండా గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"చలికాలం ఇక్కడే అనుకున్నానే!"

"ఇక్కడ చలేదీ?" అని నవ్వాడు సార్జెంటు. "మేం పోయేది మంచు దేశం. రెండు నెలల కిందటే ఆర్డరొచ్చింది."

"మరి మా సభ చెప్పింది..."

"ఏ సభ?" అన్నాడు సార్జెంటు, ఎగతాళి లేకుండా. నిజంగానే అతడికి తెలియదు.

వారం తిరక్కుండా మన పటాలమే ఆ చోట్లో దిగింది. పొలం కాగితాలు పట్టుకెళ్లిన బావమరిదిని గేటు దగ్గరే ఆపేశారు. మిత్రులు పోయారు కాబట్టి ఈ చోటు మనకి ఇంకా అవసరమట. పాత కంచె బయట ఇంకో కంచె వేశారు. వీళ్ల యూనిఫారాలు రాజధానిలోనే కుట్టి వస్తాయి.

బావమరిది వచ్చి అదే చోట కూర్చున్నాడు. కంచె వైపు చూసి అన్నాడు: "వీళ్లు చెయ్యి కూడా ఊపరు బావా."

కోట్ల సంగతి చెబుదామని దర్జీ నోరు తెరిచాడు. భార్య అతడి వైపే చూస్తోంది. నోరు మూసుకున్నాడు.

కంచె వెంబడి గస్తీవాడు నడిచి వెళ్తున్నాడు.

"భుజం పద్దెనిమిది, నడుం ముప్పై," అన్నాడు దర్జీ.

ఎవరూ రాసుకోలేదు.